అంటు

ఏప్రిల్లో, కొండ నెత్తిన మంచు ఇంకా ఉండగానే
కత్తి సాన పడతాను.
ఏటవాలుగా ఒక కోత, దాని మధ్యలో నాలుకలా ఇంకొకటి.
పచ్చి చర్మానికి పచ్చి చర్మం ఆనించి
పేలికతో బిగించి కడతాను.
నలభై ఏళ్లుగా అపోర్ట్ ఆపిల్ చెట్లతో ఇదే నా కాపురం.
సపర్‌గాలి కడితే అంటుకుంటుందని
తల్గార్ వాలు మీద మాట.

నాకు అంటు కట్టినవాళ్లు అల్మాతీలో ఉన్నారు.
రొమ్ము లోపలి ధమనిని మొదలు తెంపకుండా
కొమ్మ వంచినట్టు వంచి గుండెకి కుట్టారు.
అది మాకు తెలిసిన పనే.
కుడికాలి సిరని మాత్రం మడమ నుంచి మోకాలి దాకా ఒలిచి
రెండు ముక్కలు చేసి
తలకిందులుగా పెట్టారట!
లోపల తలుపులుంటాయట, ఒకవైపే తెరుచుకునేవి.
పుల్లని తలకిందులుగా కట్టినవాణ్ణి
నేనైతే తోటలోంచి తరిమేస్తాను.
డాక్టర్ మేరూయెర్త్ నవ్వింది.
కుట్లు లాగి నేను నవ్వలేకపోయాను.

తెలివొచ్చిన సాయంత్రమే
ఎవరో నాలుక మీద ఒక మాత్ర పెట్టారు.
తెల్లనిది, పుల్లనిది,
మరిచిపోతానని కాబోలు, గుండె ఆకారంలోనే చేశారు.
"ఎన్నాళ్లు?" అన్నాను.
"పేలిక ఎన్నాళ్లుంచుతారు మీరు?"
"అతుకు గట్టిపడేదాకా. ఒక వేసవి."
"ఇది విప్పేది కాదు," అంది.

అప్పటికి నాకు అర్థం కాలేదు.
చెట్టులో అతుకు అంటుకోవాలి.
నాలో అతుకు అంటుకోవాలి, నెత్తురు అంటుకోకూడదు.
కాలిలో నిదానంగా నడిచిన సిర
గుండె కొట్టే దెబ్బకి అలవాటు పడక
లోపల గరుకెక్కుతుంది.
గరుకు మీద నెత్తుట్లోని పలుకులు
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేస్తాయి.
డెబ్భై అయిదు మిల్లీగ్రాములు
వాటి చేతులు విడదీస్తూ ఉంటుంది, అంతే.
ఇంకేం చెయ్యదు.
ఎరువు కాదు, నీరు కాదు.

పక్క మంచం యెఫీమ్ లారీ డ్రైవరు.
పద్నాలుగో నెలలో మానేశాడు.
బాగానే ఉన్నవాడికి మాత్ర ఎందుకన్నాడు.
బాగానే ఉన్నాడు కూడా, అక్టోబరు దాకా.

నేనేమీ సుద్దపూసని కాను.
ఐదో ఏట చలికాలం దవడపన్ను పీకించుకుంటే
దిండు ఎర్రబడింది.
ఎవర్నీ అడక్కుండా మూడు రోజులు
మాత్ర కోటు జేబులో వేసుకున్నాను.
నాలుగో రోజు బాల్‌జాన్
పాలు కలిపిన టీ పియాలా నా ముందు పెట్టి
దాని పక్కన ఆ మూడు మాత్రల్నీ వరసగా పెట్టింది,
జేబులోని పొగాకు నలుసులతో సహా.
ఒక్క మాటా అనలేదు.
ఆ పొగాకు సంగతి కూడా తేలాల్సి ఉందని
ఆమె కనుబొమలు అన్నాయి.

పోయిన నెల ఎనిమిదేళ్లు నిండాయని బొమ్మ తీశారు.
రొమ్ము ధమని వాగులా ఉంది.
ఒక సిర పరవాలేదు.
రెండోది మధ్యలో సన్నబడింది,
పిల్లలు ఊదగా ఊదగా నలిగిన గడ్డిపరకలా.
"మాత్ర వేసుకుంటూనే ఉన్నాను కదా!"
"వేసుకున్నారు కాబట్టే సన్నబడి ఆగిందేమో," అంది మేరూయెర్త్.
ఏమో అన్నందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.
నేనూ కొనేవాళ్లకి అలాగే చెప్తాను:
కట్టడం నా పని,
ఆపైన మంచు, పురుగు, మీ శ్రద్ధ.

ఈ ఉదయం ముప్పయ్యో పుల్ల దగ్గర కత్తి జారింది.
బొటనవేలు తెగింది.
ఇదివరకైతే ఉమ్మి రాస్తే ఆగేది.
ఇప్పుడు పేలిక తడిసింది, అంటు తడిసింది,
బూటు మీద కూడా పడింది.
బాల్‌జాన్ ఇంట్లోంచి అరుస్తూ పరిగెత్తుకొస్తోంది.
నేను చెయ్యి పైకెత్తి పట్టుకుని
చూస్తూ నిలబడ్డాను,
మణికట్టు దాకా, మోచేతి దాకా
ఎక్కడా ఆగకుండా
ఎంత బాగా పారుతోందో.