ట్రెవర్ కుక్క పేరు

గ్రిమ్స్‌బీ రేవులో చేపల వేలం ఆరున్నరకి.
ఇప్పుడు నాలుగు.
కాళ్ళ దగ్గర హీటరు దగ్గుతోంది.

నలభై రెండో వరసలో దొరికింది
డేటాబేస్ పాస్‌వర్డ్, బట్టబయలుగా:
బిస్కెట్, పక్కన ఒక సంవత్సరం.
పోయిన మార్చిలో రిటైరైన ట్రెవర్
తన కుక్కకి కట్టుకున్న సమాధి.
తొమ్మిదేళ్ళుగా ప్రతి హాడక్ పెట్టె ధరా
ఆ కుక్కని పిలిచే లోపలికెళ్ళింది.

తీసేశాను.
ముందు ఒకసారి పైకే చదివాను,
ఎవరూ లేరు కదా అని.

ఇకమీదట ఫంక్షన్ ఉత్త చేతులతో నిద్ర లేస్తుంది.
ఖజానా గుమ్మంలో తానెవరో చెప్పుకుంటుంది,
తాళంచెవి అడిగి పుచ్చుకుంటుంది,
ధర రాస్తుంది, కాసేపటికి పోతుంది.
మొదటిసారి గుమ్మం కాదంది.
అనుమతిలో ఒక అక్షరం నేనే తప్పు రాశాను.
ఐదుంబావుకి తెరుచుకుంది.

మా చిట్టెమ్మత్త బీరువా తాళాలు
బియ్యం డబ్బాలో దాచేది.
అన్నం వండే ప్రతివాళ్ళకీ తెలుసు.
ఈ కొత్త చెవి నాకూ తెలియదు.
ముప్పై రోజులకి దానంతటదే మారిపోతుంది,
నేను చూడకుండానే.

ఏడింటికి ట్రెవర్ వచ్చాడు,
పని లేకపోయినా, టీ కప్పుతో, పాత అలవాటు.
"అంతా నడుస్తోందా?"
నడుస్తోందన్నాను.

పాత వెర్షన్లు తవ్వితే
బిస్కెట్ ఇంకా అక్కడే ఉంది,
తోక ఊపుతూ,
ఏ తలుపూ తెరవలేక.
ఆ మాట చెప్పలేదు.