కుడి చివరి మెట్లు

హీయుమా దీవిలో బడి పియానోలన్నిటికీ
ముప్ఫై ఎనిమిదేళ్లుగా నేనే శ్రుతి చేస్తున్నాను.
ఏది పొయ్యి పక్కన ఎండిపోతోందో,
దేని కడుపులో ఎలుక కాపురం పెట్టిందో
నాకు తెలుసు.

తెలియనిది ఒకటే,
కుడి చివరి మెట్లు నాకెప్పుడు మూగబోయాయో.
మెల్లగా పోయాయి. చెప్పి పోలేదు.
సుత్తి తీగను తాకిన టక్కు వినిపిస్తుంది,
దాని వెనక స్వరం ఉండాలి,
ఉండదు.
ఎవరికీ చెప్పలేదు.
డెబ్భై మూడేళ్లవాడికి కూడు పెట్టేది ఆ చెవులే.

కెర్టుకి పందొమ్మిదేళ్లు.
పడవ దిగుతూనే, చెవికి మూడేసి పోగులతో,
పనిముట్ల పెట్టె నా చేతిలోంచి అడక్కుండా లాక్కుంది.
తీగ బిగించే తాళంచెవిని భుజంతో తిప్పేది.
ఒకసారి తీగ తెగి నా నుదురు గీరుకుపోయింది.
"మణికట్టమ్మాయ్, మణికట్టు!" అని నేను,
"సరేనండీ" అని తను,
మళ్లీ భుజమే.

"మీరు నడుస్తూ ఉండండి, మూతవేసి వస్తాను."
ప్రతి బడిలోనూ అదే మాట.
మర్యాద అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ జనవరిలో, కాయ్నా బడి నుంచి బస్సు దాకా నడిచి
చేతితొడుగు మరిచానని వెనక్కి వెళ్లాను.
తలుపు సందులోంచి చూశాను.
దీపం వేయలేదు, కోటు వేసుకునే ఉంది.
నేను సరే అనేసిన చివరి పది స్వరాలనీ
ఒక్కొక్కటే సరిచేస్తోంది,
మణికట్టుతో.

చెవులు మండాయి. చలికే అనుకోండి.
ఒట్టి చేత్తోనే పోయి బస్సెక్కి కూర్చున్నాను.
తను వచ్చి, నా తొడుగు నా ఒళ్లో పడేసి,
నల్లరొట్టె తుంచి పెద్ద ముక్క తనే ఉంచుకుంది.

మర్నాడు ఎమ్మాస్టె బడిలో
నా స్టూలు ఎడమకి జరుపుకున్నాను.
"నడిమి నుంచి అటు నువ్వు చూసుకో."
కెర్టు నా వైపు చూడలేదు.
మెట్ల మీద దుమ్ము కాసేపు తుడిచి,
"లెక్క ప్రకారం పెడితే
చివరి స్వరాలు చప్పగా ఉంటాయేం?" అంది.

అదీ! అది నాకు తెలుసు.
"లెక్క కంటే వెంట్రుకవాసి పైకి లాగాలి.
మనిషి చెవికి ఆశ ఎక్కువ."

ఎంత పైకో నేను వినలేను.
తను వింటుంది. నేను తన మొహం చూస్తాను.
కనుబొమ్మల ముడి విడిన చోట
"ఆపు" అంటాను.
ఇంతవరకూ తప్పలేదు.

కూలి చెరిసగం. రొట్టె మాత్రం కాదు.

నిన్న పడవ మీద, గాలి హోరులో,
"నువ్వు లోపలికి పద, జలుబు చేస్తుంది" అంది.
ఆ "నువ్వు" తనకే వినిపించి నాలుక కరుచుకుంది.
నేను సముద్రం వైపు తిరిగి
విననట్టే నిలబడ్డాను.
చెవుడు ఒక్కోసారి పనికొస్తుంది.