తరుగు

కట్టకు యాభై కప్పులు.
యాభైకి యాభై ఎన్నడూ అక్కెరకు రావు.
అడుగున రెండు నలిగుంటయి,
నడుమ ఒకటి మూతి వంకరబోయి ఉంటది.
వాటిల చాయ్ పోస్తే హమాలీల వేళ్లు కాలుతయి.
పారేయబుద్ధిగాక
గల్లా డబ్బా కింద సంచిల దాస్త.

ఆదివారం ఎనుమాముల మార్కెట్‌కు సెలవు.
మిర్చి బస్తాలు లేవు, పాట పాడేటోళ్లు లేరు,
గేటు కాడ కుక్కలు గూడ తుమ్ముత లేవు.
ఆ పూట సంచి మా మోక్షితది.

కప్పును బోర్లిస్తది.
"అమ్మా, ఇగ ఇది కప్పు కాదు" అంటది
పంచాయితీల తీర్పు చెప్పినట్టు.
కండ్లు గీస్తది, మూతి గీస్తది,
కాగితం చెవులు రెండు అన్నం మెతుకులతోని అంటిస్తది.
జిగురు డబ్బ దసరాకే ఎండిపోయింది.
మీసాలకు చీపురు పుల్లలు కావాల్నట,
కొత్త చీపురుకెల్లే గుంజింది, నన్నడగలే.

ఇంకోటి తీసి
అంచు నుంచి అడుగుదాక చీలికలు కోస్తది.
ఒక్కొక్క చీలికను పెన్సిలుకు చుట్టి వదిలితె
పొద్దుతిరుగుడు పువ్వు వెల్లకిల పండుకుంటది.
పువ్వు నడుమ గింజలుండాలె గదా,
ఎండు మిర్చి విరిచి గింజలు అద్దింది.
అదే చేత్తోని కండ్లు నులుముకున్నది.
ఇగ ఆ గంట పువ్వుల ముచ్చట లేదు,
ఏడుపు, నీళ్లు, మళ్ల ఏడుపు.

చిన్నోడు అభినయ్‌కు గూడ్సు బండే కావాలె.
సీసా మూతలు చక్రాలు, అగ్గిపుల్లలు ఇరుసులు,
పదకొండు డబ్బాలు.
నేను పారబోసి ఎండిన చాయ్‌పత్తి
వాని బండ్లె బొగ్గు.
"రామగుండంకెల్లి వస్తున్న, జరుగుండ్రి!"
మంచం కిందికెల్లి బయలెల్లి
బియ్యం డబ్బ కాడ ఆగింది.
అది కాజీపేటనట. సిగ్నల్ ఇయ్యలేదట.
గేటు పడ్డ తొవ్వల నిలవడ్డట్టు
పప్పు గిన్నె పట్టుకొని నిలవడ్డ.

పొద్దుగూకంగ వాన. కరెంటు పోయింది.
మా ఆయన సారంగం ట్రాలీ ఆటో ఇంక రాలే.
మోక్షిత దబ్బనంతోని రెండు కప్పుల అడుగుకు బొక్క జేసింది,
బస్తాలు కుట్టే పురికొస దూర్చి ముడేసింది,
ఒకటి నా చేతుల వెట్టి
రెండోది వట్టుకొని వంటర్ర మూలకు ఉరికింది.
"వదులుగ వట్టుకోకు, మాట కింద వడుతది!"

చెవికి వెట్టుకున్న.
"హలో, చాయ్ బండేనా?"
"అవును, చెప్పుండ్రి సేటూ."
"మూడు చాయ్. ఒకదాంట్ల చక్కెర తక్కువ."
నవ్విన. పురికొస గూడ గుర్రుమన్నది.
జరసేపు ఏం లేదు, రేకుల మీద వాన తప్ప.
అటెనుక, మెల్లగ, చెవిలనే ఉన్నట్టు,
"నువ్వు తాగినవా?"

దినాం రెండొందల మందికి పోస్త.
ఆ మాటకు జవాబు నాకు అలవాటు లేదు.
"లైను సరిగ్గ లేదు బిడ్డా" అన్న.

సోమవారం నాలుగింటికే బస్తాలు దిగినయి.
చీకట్ల తడుముకుంట కప్పులు తీస్తున్న,
చెవులూడిన పిల్లి ఒకటి కట్టల కలిసింది.
హమాలీ ఐలయ్య సగం తాగి ఆగిండు.
"ఏందవ్వా, దీని తల కిందికున్నది?"
మిగిలింది ఒక్క గుక్కల తాగి
కప్పును బోర్లించి చూసిండు.
ఒక్క మీసం ఇంక అంటుకొనే ఉన్నది.

పారేస్తడనుకున్న.
బస్తాలు దించిన కాంటా మీద
పిల్లిని నిలవెట్టిండు.
అంకెలు సున్న కాడికెల్లి కదలలే.
గుమస్త దిక్కు మర్రి, నవ్వకుంట,
"రాసుకో పటేలా,
దీనికి తరుగు తియ్యకు" అన్నడు.