ఇరవైనాలుగు గంటల కాగితం

ఫహాహీల్‌లో మా క్లినిక్ రెండో అంతస్తు.
ఆయన లిఫ్టు ఎక్కలేదు, మెట్లమీదే వచ్చాడు.
తలుపు కనబడేలా, గోడకి వీపు ఆనేలా
ఉన్న కుర్చీ ఒక్కటే.
అందులో ఎవరి పిల్లాడో ఉంటే, నిలబడ్డాడు.

సివిల్ ఐడీలో పేరు చూసి
"యలమంద గారూ, ఏ ఊరు?" అన్నాను.
"దర్శి దగ్గర." కాసేపాగి, ఎవరో గద్దించినట్టు,
"మాజీ హవల్దారు."

ఛాతీ మీద వెంట్రుకలు గీసి స్టిక్కర్లు అతికించాను.
నడుముకి డబ్బా కట్టి చెప్పాను:
తడపొద్దు. ఏం చేసినా టైమేసి రాయండి,
మెట్లు, తిండి, నిద్ర, కోపం.
"కోపం గూడానా?" అని నవ్వాడు.
నవ్వినప్పుడు తొంభై ఆరు.
ఊరికే కూర్చున్నా తొంభై ఆరే.

మర్నాడు స్క్రీను మీద పరిచాను.
మామూలు గుండె కొంచెం ఆకతాయిది,
ఊపిరి పీలిస్తే ఓ అడుగు తొందర,
వదిలితే ఓ అడుగు బద్ధకం.
ఈయనది గీతకీ గీతకీ కొలిచిన ఎడం.
పడుకున్నా బూట్లు విప్పని నడక.

రాత్రి పదకొండూ నలభై, నూట పద్దెనిమిది.
కాగితంలో: "ట్రక్కు టైరు పేలింది. లేచి చూశాను. టైరే."
నాలుగు నిమిషాల్లో దిగింది.

మూడూ పది.
నూట యాభై ఆరు.
దిగడానికి ముప్పావు గంట.
కాగితంలో: "ఏమీ లేదు."

"షువైఖ్‌లో కోల్డ్ స్టోరేజీ కాపలా నాది," అన్నాడు
అడక్కముందే, చొక్కా గుండీలు చూసుకుంటూ.
"ఆ టైముకి కోళ్ల కంటైనరు వస్తది.
తలుపు తీస్తే తెల్లగా పొగ."
బయట ఆగస్టు. ఆ వేళప్పుడు కూడా
కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

"తిర్కీ అని, మావాడు.
స్ట్రెచర్ లేదు, భుజాన వేసుకుని దిగాను.
వాడి కనుబొమల మీద మంచు.
నా ఊపిరి తగుల్తానే ఉంది మేడం.
కరగలా."

డ్యూటీ మార్పించమని చీటీ రాశాడు డాక్టరు.
ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి
"మరి తలుపు ఎవరు వేస్తారు?" అన్నాడు.

స్టిక్కర్లు పీకితే గుండ్రంగా ఎర్రటి గుర్తులు.
రిపోర్టులో గుండె వేగం రాశాను,
కవాటాలు బాగున్నాయని రాశాను.

మెట్ల మీద బూట్ల చప్పుడు, సమంగా.
పన్నెండో మెట్టు దగ్గర ఆగింది.
అక్కడ గోడలో
ఏసీ గాలి వదిలే జాలీ ఉంది.
చాలాసేపటికి మళ్లీ మొదలైంది.