లక్కపిడత కొలత

ముప్పై నాలుగేళ్ళు షిప్‌యార్డులో టర్నర్ని.
ఉలి కింద ఇనుము ఎప్పుడు ఏడవబోతుందో
చప్పుడు బట్టి చెప్పేవాణ్ణి.
రిటైరయ్యాక ఈ చేతుల్ని
ఒళ్ళో పెట్టుకోవాలో, పేపరు కింద దాచుకోవాలో
తెలీక మూడు నెలలు గడిపాను.

మల్కాపురంలో పక్కింటి పెళ్ళికి
ఏటికొప్పాక నించి పసుపురంగు భరిణె తెచ్చారెవరో.
ఊరికే మూత తీశాను.
టక్‌మనలేదు, ‘హుఁ’ అంది,
నిద్రలో పిల్ల నిట్టూర్చినట్టు.
ఆ చప్పుడు నేనెరుగుదును.
మర్నాడు అడ్డరోడ్డులో బస్సు దిగాను.

సన్యాసాచారి నాకంటే పదేళ్ళు చిన్న.
“ఇనప పని సేసినోళ్ళకి కర్ర మీద నమ్మకం వుండదు బాబూ,
గట్టిగా నొక్కీస్తారు” అన్నాడు.
నిజమే. మొదటి అంకుడు ముక్క
నా చేతిలో నిలువునా చీలింది.
రెండోదీ. మూడోదీ.
నాలుగోదానికి ఊపిరి బిగపట్టడం మానేశాను.
తిరిగే కర్రకి లక్క ముట్టించగానే
ముదురుపాకం బెల్లంలా జారి, చుట్టూ కమ్ముకుంది.
పైన మొగలాకు అదిమితే మెరుపు.
ఆ వాసనకి నాకు ఆకలేసింది.

నవ్వకండి.
లక్క వాసనకి ఆకలేసే మనిషిని
నేనొక్కణ్ణే కావచ్చు.

ఆ ఏడు సమ్మె.
నాన్న గేటు ముందు, ఆయన సైకిలు తాకట్టులో.
అంతకుముందు మా ఇంట్లో తిండికి చాలా పేర్లుండేవి.
ఆవ ఘాటుకి ముక్కు చీదించే పనసపొట్టు కూర,
జాలారిపేట ఎర్రమ్మ గంప దించితే
చింతకాయలేసిన నెత్తళ్ళ పులుసు,
బోనసు నాడు మాడుగుల హల్వా పొట్లం.
నేనూ, చెల్లి నూకరత్నం
నెయ్యి ఇంకిన కాగితం కూడా నాకేవాళ్ళం.
సమ్మె రెండో నెలకి
మిగిలిన పేరు ఒకటే. అంబలి.

అదీ పలచన.
ఇత్తడి గిన్నెలు అప్పటికే కొట్టు కెక్కాయి.
ఓ రాత్రి అమ్మ
నూకరత్నం లక్కపిడతల బుట్ట బోర్లించింది.
ఎర్ర కుండ, ఆకుపచ్చ గిన్నె, బొటనవేలంత అండా,
పన్నెండింట్లో పన్నెండు వంటలు వడ్డించింది.
ఇది పప్పు, ఇది పులుసు,
ఇదిగో ఇది హల్వా, దీన్ని ఆకర్న తినాల.
అన్నీ చోడి అంబలే.
వేడి తగిలి పిడతలు చెమర్చాయి,
ఇల్లంతా ఇదే వాసన.
“ఏటర్రా, అప్పుడే సాలా?
పెళ్ళోరి బోయినం, వొదిలీకండి.”
మేం పొట్టలు పట్టుకుని నవ్వాం.
త్రేన్చాం కూడా.
ఎక్కణ్ణించి వచ్చిందో ఆ త్రేన్పు!

డాల్ఫిన్స్ నోస్ మీది లైటు
కిటికీలోంచి వచ్చి పోయినప్పుడల్లా
అమ్మ ఒక్కో పిడతనీ రవ్వంత నీళ్ళతో తొలిచి
ఆ నీళ్ళు తాగడం కనిపించింది.
రుచి చూస్తోందనుకున్నాను.

మొన్న నా మొదటి సెట్టు పూర్తయింది.
అలవాటు పోదు కదా, వెర్నియర్ తీశాను.
వ్యాసం ముప్పై, లోతు ఇరవై రెండు.
నమ్మకం కుదరక
దగ్గుమందు సీసా మూతతో నీళ్ళు పోసి చూశాను.
గిన్నెకి పదిహేను మిల్లీలీటర్లు.
పన్నెండు పెట్టి గుణిస్తే
ఒక గ్లాసుడు.
ఇద్దరికి.

ఓడ ఇరుసులు కొలిచిన చెయ్యి
ఆ గిన్నె దగ్గర వణికింది.

గాజువాక వెళ్ళి నూకరత్నానికిచ్చాను.
అరవై నిండుతున్న మనిషి,
చాప మీద బాసింపట్టు వేసుకుని కూచుని
ఒక్కో మూతా చెవి దగ్గర పెట్టుకుని తీసింది.
“హల్వా గిన్నె బిగుతన్నయ్యా.”
బిగుతే. అర మిల్లీమీటరు.
సరిచేసి తెస్తానంటే ఇవ్వలేదు.
“ఉండనీ,
అప్పుడూ పళ్ళతోనే తీసీదాన్ని” అంది.