మామిడి బెరడు

ఆదివారం కోడి కూయకముందే
నర్సింగం మామ నన్ను లేపుతుండె.
కొడవలి, గోనెసంచి, టార్చిలైటు.
పరకాల తొవ్వల జిన్నింగు మిల్లు వెనక
ఎవలదో ఎరుకలేని మామిడిచెట్టు.
"ఒక్కకాన్నే గీకకు రా,
చెట్టు సుత బతకాలె గద" అంటుండె.
గంత దయగల్ల మనిషి.

బెరడు రోట్ల దంచి నానబెట్టుడు నా పని.
ఆ రసం అరచేతులకు రుద్దుకొని
ఆరేదాక ఎవల్నీ ముట్టకుండ కూసునుడు ఆయన పని.
అప్పటికే వాకిట్ల చెప్పులు కుప్పవడేయి.

పసిరికలైనోళ్ల చేతులు పట్టుకొని
సున్నపుతేట పోసి మెల్లగ రుద్దుతుంటే
ఇత్తడి తాంబాళంల నీళ్లు పచ్చగయ్యేటియి.
చూసినోళ్లు గుటకలు మింగేటోళ్లు.
"ఇగో, దిగుతున్నది."
నిజంగనే ఏదో దిగేది,
వాళ్ల భుజాల మీదికెల్లి.

నాకు పన్నెండేండ్లు.
ఒకనాడు ఎవలు లేనిది చూసి
మిగిలిన రసం నా చేతులకు రుద్దుకొని కడిగిన.
అవే నీళ్లు. అదే పసుపు.
నాకే రోగం లేదు.
ఆ నీళ్లు పెంటకుప్పల పారబోసి
ఎవలకు చెప్పలే.

ఓదెలు ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మొదటి ఆదివారం నడిసి వచ్చిండు,
తర్వాతి వారం ఆటోల.
మూడోనాడు మిర్చిబస్తాలు మోసే ట్రాలీల
బస్తా లెక్కనే పండి వచ్చిండు.
దించుతుంటే ఘాటుకు అందరం తుమ్మినం,
ఆయనకు తుమ్మే సత్తువ సుత లేకుండె.
మామ నా చెవిల అన్నడు,
"బెరడు ఇంకింత ఎయ్యి."

ఆ దినం తాంబాళం నిండ బంతిపువ్వు రంగు.
అబ్బ, ఎంత దిగిందే అన్నరు చుట్టున్నోళ్లు.
ఓదెలు తాంబాళం దిక్కు చూసి నవ్విండు.
నేను ఆయన కండ్లు చూసిన.

పదకొండో దినం దాటినంక
సాంబలక్ష్మి వచ్చింది, కొంగుముడి విప్పుకుంట.
అరవై రూపాయల బాకీ.
"నీ చెయ్యి మంచిదే అయ్యా, మా రాతే గట్లున్నది."
మామ వద్దన్నడు.
ఇంకోపారి ఇస్తె తీసుకున్నడు.

ల్యాబు టెక్నీషియను చదువుల చేరినంక తెలిసింది,
పసిరికలు చానమందికి వాటంతట అవే తగ్గుతయని,
పత్తెం ఉన్నా, లేకున్నా.
తగ్గినోళ్లు కోడిపుంజుతోని వచ్చి
మామ పేరు ఊరూర మోసిన్రు.
తగ్గనోళ్లు
చెప్పెతందుకు రాలే.

పోయిన వానకాలం
హన్మకొండల నా ల్యాబు కిటికీ కాడ
మొకానికి తువ్వాల చుట్టుకొని ఒకాయన.
రెప్ప లేపి చూస్తె మామ.
చెయ్యి కడగన్నా అని నోటిదాక వచ్చింది,
మింగిన.
ఆ చేతులు ఇప్పటికీ మెత్తగనే ఉన్నయి.
నా దగ్గర ఇరవై మంది లైన్ల నిలవడితె
ఒక్కని చెయ్యి సుత నేను నిమురను,
నరం దొరికితె చాలు.

సూది గుచ్చి, చీటీ తీసి
"పేరు?" అన్న, అలవాటుగ.
ఆయన అటూఇటూ చూసి, గొంతు తగ్గించి
"ఓదెలు" అన్నడు.

రాసిన.
ఆ పేరు మీదనే రిపోర్టు వచ్చింది, పద్నాలుగు.
తర్వాత తొమ్మిది. తర్వాత నాలుగు.
ఊర్లె మాత్రం
మామ మందు మామనే బతికిచ్చిందంటున్నరు.
ఆయన కాదనలేదట.

కండ్లు తెల్లవడ్డంక ఫోన్ చేసి
అదీఇదీ మాట్లాడి, ఆఖరుకు అడిగిండు,
"మిల్లు వెనక చెట్టు ఉన్నదా రా?"
"కొట్టేసిన్రు మామా" అన్న.

అబద్ధం.
ఉన్నది.
నేను గీకిన కాడ బెరడు మల్ల మందంగ వచ్చింది,
ఈసారి కాత సుత పట్టింది.