వేషం కట్టిన మిషను

షట్టరు సగం దించినాను.
బయట తాతయ్యగుంట వైపు పలకలు మోగతాండాయి.
జాతర ఆఖరి రాత్రి.
లోపల వేడి కాగితం వాసన.

గోవర్ధనం సారు పొద్దున చెప్పిపోయినాడు:
"కంప్యూటర్లో ఏదీ కదిలించొద్దు మునిశేఖరూ,
పదకొండేళ్లుగా నడస్తాండాది, నడవనీ."
కదిలించను సార్.
దాని కడుపులో ఇంకోటి పెడతాను.

పోయిన నెల ఐదువందల శుభలేఖల మీద
జ్యోత్స్న అనే పెళ్లికూతురికి
అట్టడుగు న-ఒత్తు సగానికి తెగింది.
వాళ్ల పెదనాయన కార్డు ముక్కు దగ్గరికి తెచ్చుకుని
"పాపకు కాళ్లు యాడయ్యా?" అన్నాడు.
డబ్బులు నా జీతంలో పోయినాయి.
ఆ మాట పోలేదు.

అక్షరాలు పేర్చే ఆ సాఫ్టువేరు ఎవురి సొంతమూ కాదంట,
రాసినోళ్లు లోపలి కత మొత్తం తెరిచి పెట్టినారంట.
రికార్డు ప్రింటుకొచ్చే హంసవేణి చెప్పింది.
చిల్లర ఎప్పుడూ ఉండదు ఆ పాప దగ్గర;
పదిహేడు రూపాయల బాకీ కింద పెన్‌డ్రైవు ఇచ్చింది.
"తప్పు రాసి పంపినానన్నా, సరిచేసినారు.
సరిపోయిందో లేదో నువ్వే చూడాల.
దీంట్లో వద్దు, వర్చువల్ మెషీన్ కట్టుకో."

మొదటి అడుగులోనే కుదరదనింది.
ఆపి, మళ్లీ వేసి, ఎఫ్‌టూ మీద వేలు తియ్యకుండా కొడితే
నీలం తెర, దాని మూలలో
పదకొండేళ్లుగా ఎవురూ ముట్టని ఒక మీట:
ఈ మిషను వేషం కట్టొచ్చా, కూడదా?
కట్టొచ్చు అన్నాను.

తొమ్మిదో ఏట నాకు కామెర్లు తగ్గితే
మా అమ్మ మొక్కుకున్న ప్రకారం పరికిణీ కట్టింది,
పౌడరు, కనకాంబరాలు, గాజులు.
లోపల మొలతాడు అట్నే ఉండాది.
వీధిలో ఎవురూ నన్ను పేరుపెట్టి పిలవలేదు.
కాసేపటికి నాకూ గుర్తు రాలేదు.

నాలుగు జీబీ ర్యాములో రెండు పంచిచ్చినాను.
డిస్కు ఇరవై అని రాసినాను; అంత లేదు,
వాడేకొద్దీ పెరుగుతుందంట,
మా వీధి చీటీపాట లెక్క మాదిరి.
కిటికీలో ఇంకో కిటికీ లేచింది.
ఈడ రాత్రి పదకొండు, దాంట్లో సాయంత్రం అయిదున్నర.
పాపం, యాడ పుట్టిందో దానికి తెలీదు.
జాబితాలో తిరుపతి లేదు.
కోల్‌కతా అని చెప్పి సర్దినాను.

"ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకో,
చెడితే ఆ గడియకే తిరిగి పోవచ్చు."
బండవేషం నాడు బూతులు తిట్టినా
గంగమ్మ ఏమీ అనుకోదు, ఇదీ అంతే.
మూడుసార్లు చంపినాను. ఒకసారి ఏదో లైబ్రరీ లేదని,
ఒకసారి చోటు చాలక,
ఒకసారి ఎందుకో ఈ రోజుకీ తెలీదు.
మూడుసార్లూ అదే అయిదున్నరకు
ఏమీ ఎరగనట్టు కళ్లు తెరిచింది.
కార్డులు కొట్టక ముందు నాకూ అట్లాంటిది ఒకటుంటే?
ఉండదు. పని చూసుకో.

నాలుగోసారి, మూడు దాటినాక,
జ్యోత్స్న అని కొట్టినాను.
సకారం కింద నకారం
నేలమీద రెండు కాళ్లూ ఆనించి నిలబడింది.
అరవై సైజుకు పెంచి చూసినాను.
ముద్దుగా ఉండాది.
ఇంకేమేం తెగతాయో అని
రాష్ట్రం కొట్టినాను, వస్త్రం, లక్ష్మి...
రాసి పంపినాను:
జ్యోత్స్న బాగుంది.
స్వాతంత్ర్యం మాత్రం ఇంకా కింది గీతకు తగలతాండాది.

తెల్లారేసరికి గుడి ముందర
అమ్మవారి మట్టి విశ్వరూపం విరిచేసినారు.
ఆ మట్టి కోసం తోపులాట, కేకలు ఈడికి వినిపిస్తాండాయి.
నేను తీసెయ్ అన్నాను.
తీసేస్తే తిరిగి రాదు, నిజంగానా? అని అడిగింది.
నిజంగానే.
పెరిగిన చోటంతా మళ్లీ సారుది అయిపోయింది.

టీకొట్టు దొరసామి వచ్చి
నా అరచేతిలో చిటికెడు మట్టి పెట్టినాడు.
పర్సులో, తెగిన శుభలేఖ మడతలో దాచినాను.

"ఏమీ కదిలించలేదు కదా?"
"లేదు సార్."
డబ్బా మీద చెయ్యి పెట్టి చూసినాడాయన.
ఇంకా వేడి.